కుంకంపిట్టకు పట్టిన అదృష్టం

పక్షిగా పుట్టదలిస్తే అంతరించిపోయే జాతిలోనే పుట్టాలి! అంతకు మించిన యోగం ఇంకొకటి లేదు.

కాదంటారా? కాకిని చూడండి. ఊరంతా కాకులే. ఏనాడైనా ఒక్క కాకి మెడలో పూలదండ పడిందా? తద్దినం నాడు తప్ప దాని మొహం చూసేవాడున్నాడా? గోరింక గతీ అంతే. పొద్దున లేస్తే మన పెరట్లోనే తిరుగుతుంది, అయినా పలకరించే దిక్కు లేదు. అదే ఓ పిట్ట తెలివిగా తన సంతానాన్ని తగ్గించుకుంటూ వచ్చి, ఇక రేపో మాపో అన్న స్థితికి చేరుకుందనుకోండి! దానికి అధ్యక్షుడొస్తాడు. కార్యదర్శి వస్తాడు. తీర్మానాలొస్తాయి, ఫొటోలొస్తాయి. ఆఖరికి లాటిన్‌లో పేరు కూడా వస్తుంది! మనలో ఎంతమందికి లాటిన్ పేరుంది చెప్పండి?

దివిసీమలో కుంకంపిట్టకు ఈ అదృష్టం శోభనాద్రి గారి రూపంలో పట్టింది. నయాపైసలు కొత్తగా వచ్చి జనం లెక్క తెలియక తికమకపడుతున్న రోజులవి.

శోభనాద్రి గారిది బందరు. భూముల సర్వేలో ఉద్యోగం. ఇది మెట్ట, ఇది మాగాణి, ఇది పోరంబోకు అని నేలకు పేర్లు పెట్టడమే జన్మంతా చేసిన పని. తాను పేరు పెట్టేవరకూ అది నేలే కాదని ఆయన నమ్మకం. అలాంటి మనిషికి రిటైర్మెంటు ఇస్తే ఏమవుతుంది? వచ్చి ఇంటి మీద పడ్డారు. ఆవకాయ జాడీలకు చీటీలు అంటించారు. పప్పుల డబ్బాలను ముందు రంగును బట్టి, తరవాత సైజును బట్టి, ఆ తరవాత ఉడికే కాలాన్ని బట్టి సర్దారు. డబ్బాలయిపోయాక బంధువుల మీద పడ్డారు. భోజనానికి ఉండదగినవారు, కాఫీతో పంపదగినవారు, వీధిలోనే పలకరించదగినవారు అని తరగతులు చేశారు. ఆఖరి తరగతిలో తన అన్నగారి పేరు చూసిన రోజున భార్య వెంకటరత్నమ్మ గారికి ఓపిక నశించింది.

"హంసలదీవి దగ్గర మా పిన్ని కూతురు గృహప్రవేశం చేసుకుంటోంది. నా మోకాళ్లు బండి ప్రయాణానికి పనికిరావు. మీరు వెళ్లి చీర పెట్టి రండి" అందావిడ. "తొందరేం లేదు. నాలుగు రోజులుండి నిదానంగా రండి."

శోభనాద్రి గారు వెళ్లారు. శ్రావణమాసం. గృహప్రవేశం అయిన మర్నాడు పొద్దున్నే కాలవగట్టు మీద పచారు చేస్తుంటే మిషన్ వారి బడి కనిపించింది. రెల్లుకప్పు వేసిన ఒక్క గది. దాని పక్కన పోరంబోకులో రెల్లుదుబ్బులు మనిషెత్తు పెరిగి ఉన్నాయి. ఆ దుబ్బుల్లో పిట్టలు! బొటనవేలంత పిట్ట. ఒళ్లంతా ఎవరో కుంకుమ చల్లినట్టు ఎరుపు, ఆ ఎరుపు మీద నూకలు చల్లినట్టు తెల్లటి చుక్కలు, మెడచుట్టూ సన్నటి నల్లపట్టీ. గడ్డికంకిని కాలితో వంచి పట్టుకుని గింజలు ఒలుచుకు తింటున్నాయి. మధ్యమధ్య తలెత్తి సన్నగా పాడుతున్నాయి.

శోభనాద్రి గారు అలా నిలబడి చూస్తుంటే బడిలోంచి టీచరు బయటికొచ్చింది. ఆవిడ పేరు రాహేలు. ఆ బడికి హెడ్మిస్ట్రెస్సూ ఆవిడే, అసిస్టెంటూ ఆవిడే, గంట కొట్టేదీ ఆవిడే.

"ఎవరికోసమండీ బాబాయిగారూ?"

"ఈ పిట్ట పేరేమిటమ్మా?"

"కుంకంపిట్టండీ. మా పిల్లలు అలాగే అంటారు."

"అది పిలుపు. నేనడిగేది పేరు."

రాహేలు టీచరు కాస్త ఆలోచించింది. "పేరంటే మరి దాన్నే అడగాలండీ" అంది.

ఆవిడ నవ్వింది గానీ శోభనాద్రి గారు నవ్వలేదు. ఆయన ఒళ్లు ఝల్లుమంది. పేరు లేని ప్రాణి! ఏ తరగతికీ చెందకుండా పట్టపగలు బహిరంగంగా తిరుగుతోంది! ఇన్నేళ్లుగా ప్రభుత్వం ఏం చేస్తున్నట్టు?

"ఇవి ఇంకెక్కడైనా ఉన్నాయా?"

"మా చిన్నప్పుడు కాలవ పొడుగునా ఉండేవండీ. రెల్లు కొట్టేసి చేలు చేశాక ఇదిగో, ఇక్కడే మిగిలాయి. బడికప్పు కోసం ఏటా మేమూ కాస్త కోస్తామనుకోండి. ఓ పక్క కోసి ఓ పక్క వదిలేస్తాం. అవీ బతకాలి కదండీ."

ఆయన ఆ మాట సగమే విన్నారు. "ఇక్కడే మిగిలాయి" అన్నంతవరకు.

బందరు తిరిగొచ్చిన వారంలోనే అపురూప పక్షి సంరక్షణ సంఘం వెలిసింది. అధ్యక్షులు శోభనాద్రి గారు. రిటైరై ఇళ్లలో జాడీలు సర్దుతున్న పెద్దలంతా సభ్యులు. బందరులో ఎంతమంది ఇల్లాళ్లు ఆ పూట ఊపిరి పీల్చుకున్నారో! పక్షిసంరక్షణ వల్ల సమాజానికి మేలు లేదనేవారు ఈ సంగతి గమనించాలి.

మొదటి తీర్మానం: ఆ పోరంబోకులో ఎవరూ రెల్లు కోయరాదు. తీర్మానం పైకి వెళ్లింది, ఉత్తర్వు కిందికి వచ్చింది. ఇంత త్వరగా ఎలా వచ్చిందంటారా? వద్దని చెప్పడానికి ఏ శాఖకూ పైసా ఖర్చవదు కదండీ!

రెండో తీర్మానం: పిట్ట ఏ కుటుంబానికి చెందినదో తేల్చాలి. కుటుంబం తేలకుండా రక్షణ ఎలా? జీనువాయి పిట్టల కుటుంబమైతే అడవిపిట్ట, ఒక శాఖ. పంట తినే కుటుంబమైతే చీడ, ఇంకో శాఖ. మొదటి శాఖ దాన్ని రక్షించాలి, రెండో శాఖ దాన్ని నిర్మూలించాలి. మద్రాసులో ఉన్న ఓ పక్షి నిపుణుణ్ణి సంప్రదిస్తే, వర్ణన కాదు, పిట్టే కావాలి, మగది ఒకటి పంపండి అన్నాడు.

శోభనాద్రి గారు పిట్టలు పట్టేవాణ్ణి వెంటబెట్టుకుని మళ్లీ దివిసీమ వెళ్లారు. వాడు వలలోంచి ఓ పిట్టను తీసి, మెడ నులిమి, ఆయన అరచేతిలో పెట్టాడు. పిట్ట ఇంకా వెచ్చగానే ఉంది. బరువు మాత్రం లేదు. వాడసలు ఏమీ పెట్టలేదేమోనని ఆయన రెండోసారి చూసుకున్నారు. పిట్టను వాడికే తిరిగిచ్చెయ్యబోయారు. వెంటనే శాస్త్రం అన్న మాట గుర్తు తెచ్చుకుని సర్దుకున్నారు. ఆ మాట ఇలాంటప్పుడు భలే పనికొస్తుంది!

చర్మం ఒలిచి, దూది కూరి, బందరు లడ్డూల డబ్బాలో పెట్టి పంపారు. నిపుణుడు పరిశీలించాడు. ఇది కొత్తజాతి కావచ్చు, కాకపోవచ్చు, ఆడదాన్ని పంపితే గానీ చెప్పలేనన్నాడు. ఆడదాన్ని పంపారు. పిల్లలు కావాలన్నాడు. పిల్లల్ని పంపారు. ఒక్కో దానితో తేలదు, పోల్చి చూడ్డానికి మరికొన్ని కావాలన్నాడు. మరికొన్ని పంపారు. పంపిన ప్రతిసారీ ఆయన సంఘాన్ని అభినందిస్తూనే ఉన్నాడు. కొత్తజాతి అని తేలితే లాటిన్ పేరులో శోభనాద్రి అన్న మాట చేరుస్తానని కూడా అన్నాడు.

"పిట్టకు మీ పేరా?" అంది వెంకటరత్నమ్మ గారు. "పాపం, అదేం చేసిందండీ?"

ప్రదర్శన కోసమని ప్రాణంతో పట్టించిన ఓ ఎర్రటి మగపిట్ట మాత్రం ఇంట్లో పంజరంలో ఉండేది. దానికి గింజలు, నీళ్లు చూసేది వెంకటరత్నమ్మ గారే.

ఈలోగా గుడివాడ మేల్కొంది. బందరుకో పిట్ట ఉండి గుడివాడకు లేకపోతే గుడివాడ ఊరుకుంటుందా? అక్కడ హోమియో వైద్యులు కోదండరామయ్య గారున్నారు. కంటికి కనపడని మందుతో కంటికి కనపడని రోగాన్ని కుదర్చగల మనిషి, ఆయనకు కంటికి కనపడే పిట్ట ఓ లెక్కా? మాఘమాసంలో ఆయనా దివిసీమ వెళ్లి, ఆ రెల్లులోనే వెతికి, మట్టిరంగు పిట్టల్ని పట్టించి తెచ్చారు. ఎరుపు లేదు, చుక్కల్లేవు. ఇది ముమ్మాటికీ వేరే జాతి, బందరువారి కళ్లకు ఆనని అసలైన అపురూపజాతి ఇదే అని ప్రకటించారు. నిపుణుడు దీనికీ ఆడదాన్ని, పిల్లల్ని, మరికొన్నింటిని పంపమన్నాడు.

ఇక చూస్కోండి! బందరు గుడివాడను ఖండించింది. గుడివాడ బందరును ఖండించింది. ఖండన కోసం అటూ ఇటూ సాక్ష్యాలు కావాలి కనక పిట్టలు పట్టేవాడికి ఆ వేసవిలో క్షణం తీరిక లేదు. చివరికి గుడివాడలోనే పెద్దల సమక్షంలో సభ పెట్టి తేల్చుకుందామన్నారు.

శోభనాద్రి గారు ఉపన్యాసం రాసుకుంటూ కూచున్నారు. వెంకటరత్నమ్మ గారు రెండుమూడుసార్లు వచ్చి చెప్పింది.

"ఏవండీ, మీ పిట్ట రంగు దిగిపోతోంది. ఒకసారి చూడండి."

"ఊఁ."

"అదే పెడన అద్దకమైతే ఇంకో పదేళ్లు వెలిసేది కాదు. ఇదేం నాసిరకమో!"

"ఊఁ, అలాగే" అన్నారాయన, "రక్తవర్ణ శోభితమైన" అన్న సమాసం దగ్గర ఆగి ఆలోచిస్తూ.

సభ రోజు రానే వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. పంజరం మీద పెడన కలంకారీ గుడ్డ కప్పి బల్ల మీద పెట్టారు. శోభనాద్రి గారు రక్తవర్ణం మీద అరగంట మాట్లాడి, "ఇదిగో, చూడండి!" అని గుడ్డ లాగారు.

పంజరంలో మట్టిరంగు పిట్ట కూచుని ఉంది.

వెనక వరసలవాళ్లు మెడలు చాచారు. తరవాత కోదండరామయ్య గారు లేచారు. "నా పిట్ట!" అని కేకపెట్టారు. "నా పిట్టను దొంగిలించి తెచ్చి నా మీదే సాక్ష్యం పెడతారా?"

"మీ పిట్టేమిటండీ!" ఆడవాళ్ల వరసలోంచి వెంకటరత్నమ్మ గారు లేచింది. "దసరా నుంచీ నా చేత్తో కొర్రలు పోసి పెంచుతున్నాను. అప్పుడు కుంకంలా ఉండేది. కార్తీకం దాటాక కాస్తకాస్తగా వెలుస్తూ ఇదిగో, ఇలా అయింది. మెడలో పట్టీ చూసుకోండి, అదే కదూ? నేను చెబుతూనే ఉన్నాను, వినేవాళ్లేరీ?"

కోదండరామయ్య గారు వంగి చూశారు. శోభనాద్రి గారూ వంగి చూశారు. ఇద్దరి తలలూ పంజరం దగ్గర ఠక్కున కొట్టుకున్నాయి. ఎర్రదీ ఇదే, మట్టిరంగుదీ ఇదే! కాలాన్ని బట్టి చొక్కా మార్చుకుంటుందంతే. ఆ సాయంత్రం గుడివాడలో, పెద్దల సమక్షంలో, ఒక పక్షిజాతి కళ్లముందే అంతరించిపోయింది.

సంఘం మూతపడిందనుకున్నారా? ఎంత మాట! రెండు జాతులుండాల్సిన చోట ఒక్కటే మిగిలిందంటే ప్రమాదం రెట్టింపయిందన్న మాట కదా! బందరు, గుడివాడ సంఘాలు కలిసిపోయి జిల్లా సంఘమైంది. మరింత ఘాటైన తీర్మానాలు పైకి వెళ్లాయి.

జోరున వాన కురుస్తున్న ఓ రోజు రాహేలు టీచరు బందరులో ఆయన గుమ్మం ముందు నిలబడింది. గొడుగు ఉన్నా మనిషి సగం తడిసిపోయింది.

"బడి కారిపోతోందండీ బాబాయిగారూ. పోయినేడాది కప్పు పుచ్చిపోయింది. రెల్లు కోసుకోనివ్వండి."

"ఉత్తర్వుంది కదమ్మా! పిట్టలకు..."

"పిట్టలెక్కడున్నాయండీ?"

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. "అదేమిటి? లేవా?"

"మీవాళ్లు పట్టుకెళ్లినవి పట్టుకెళ్లారు. గుడివాడవాళ్లు పట్టుకెళ్లినవి పట్టుకెళ్లారు. మిగిలిన నాలుగూ బెదిరి ఎటో లేచిపోయాయి." ఆవిడ గొంతు పెంచలేదు. "మా పిల్లలకి ఈ ఏడు పిట్టా లేదు, కప్పూ లేదండీ. రెల్లు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. చూసుకుంటూ తడుస్తున్నారు."

వెంకటరత్నమ్మ గారు పొడి తువ్వాలు, వేడి కాఫీ తెచ్చి ఆవిడకిచ్చింది. తరవాత లోపలికెళ్లి పంజరం తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. ఆ పిట్టకు మళ్లీ ఎరుపు తిరుగుతోంది.

శోభనాద్రి గారు ఆ పూట బస్సుకే రాహేలు టీచరుతో దివిసీమ బయల్దేరారు. బడిలో పిల్లలంతా కారని ఒక్క మూల ఒదిగి కూచుని, పలకలు తడవకుండా చొక్కాల కింద దాచుకుని, ఎక్కాలు చదువుతున్నారు. ఆయన రెల్లు దగ్గరికెళ్లి పంజరం తలుపు తీశారు. పిట్ట వెంటనే ఎగరలేదు. గడప మీద కూచుని కాసేపు అటూ ఇటూ చూసింది. తరవాత ఎగిరి ఓ కంకి మీద వాలి పాడింది. పాడి ఆగింది. మళ్లీ పాడింది. దుబ్బుల్లోంచి ఏ బదులూ రాలేదు. ఆయన గొడుగు ముడిచేసి ఆ వానలోనే నిలబడ్డారు. అది నాలుగైదుసార్లు అలా పిలిచి చూసి, కాలవ దాటి ఎటో వెళ్లిపోయింది.

శాస్త్రం అన్న మాట ఆ రోజు ఎంత తలుచుకున్నా పని చెయ్యలేదు.

ఉత్తర్వు రద్దు చేయించాలని ఆయన తిరగని ఆఫీసు లేదు. కానీ ఉత్తర్వుకు ప్రాణం పోసినవాడు దాన్ని చంపలేడండీ! పిట్టలు లేవు మహాప్రభో అంటే, లేవు కనకనే రక్షణ మరింత అవసరం అన్నారు. ఆయన అధ్యక్షపదవి వదిలేశారు. ఆ వర్షాకాలమంతా రాహేలు టీచరు, పిల్లలు బడి మీద తాటాకులు కప్పి ఎలాగో నెట్టుకొచ్చారు.

మాఘం వచ్చేసరికి ఘనవిజయం! ఆ పోరంబోకును రక్షితస్థలంగా ప్రకటించారు. ప్రారంభోత్సవానికి పెద్దలొస్తున్నారు. పిట్టను మొదట కనిపెట్టినవారుగా శోభనాద్రి గారికి, కోదండరామయ్య గారికి సన్మానం. ఇద్దరూ ముళ్ల మీద కూచున్నట్టు ఒకే జీపులో కూచుని వచ్చారు. దిగి చూస్తే రెల్లు లేదు.

నేల చదునుగా, నున్నగా ఉంది. దాని నడిమధ్య షామియానా, మైకు, కుర్చీలు. కార్లు తిరగడానికి చోటు చాలక మొత్తం కోసేశారట! అంచున మాత్రం కొత్త బోర్డు ధగధగలాడుతోంది: ఇచ్చట రెల్లు కోయరాదు.

కోసిన రెల్లు కట్టలు కట్టలుగా షామియానా వెనక పడి ఉంది. ఎండి గలగలలాడుతున్న రెల్లు. శోభనాద్రి గారు దాన్ని చూశారు. దూరంగా, స్వాగతగీతం పాడ్డానికి పిల్లల్ని వరసగా నిలబెట్టుకున్న రాహేలు టీచర్ని చూశారు. వేదిక మీద పెద్దాయన "ఈ చిట్టి ప్రాణి ఇక ఎక్కడికీ పోనవసరం లేదు!" అని బల్ల గుద్దారు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో శోభనాద్రి గారు మెడలో దండతోనే వేదిక వెనక్కి దిగిపోయి ఓ కట్ట భుజానికెత్తుకున్నారు. రెండో కట్ట ఎత్తుకుందామని వెనక్కి వచ్చేసరికి దాని అవతలి కొస పట్టుకుని కోదండరామయ్య గారు నిలబడి ఉన్నారు.

"నడుము పట్టేస్తుంది జాగ్రత్త" అన్నారు శోభనాద్రి గారు.

"మందుంది నా దగ్గర. పట్టండి" అన్నారు కోదండరామయ్య గారు.

ఉపన్యాసాలు ఎంత పొడుగైతే అంత మేలని ఇద్దరూ జన్మలో మొదటిసారి కోరుకున్నారు. వందన సమర్పణ అయ్యేసరికి రెల్లంతా బడి వెనక్కి చేరిపోయింది. రాహేలు టీచరు వాళ్ల దండల్లో చిక్కుకున్న రెల్లుపోచలు చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, దండం పెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు జీపులో వాళ్లతో కొత్తగా వేసిన సంరక్షణాధికారి ఎక్కాడు. మంచి ఉత్సాహం మీదున్నాడు.

"మీ ఆశీర్వాదం ఉంటే చాలు సార్. ఎక్కడ ఒక్క పిట్ట కనిపించినా వదలం! కబురు చేస్తే మద్రాసు నుంచి నిపుణుల బృందమే దిగుతుంది. కాళ్లకు రింగులేస్తాం, కొలతలు తీస్తాం, నమూనాలు పంపుతాం..."

జీపు ఓ మురుగుకాలవ పక్కగా వెళ్తోంది. ఎవరికీ పట్టని కాలవ. గట్టు నిండా ఊదగడ్డి, తుంగ, పిచ్చిమొక్కలు. ఉన్నట్టుండి ఆ గడ్డిలోంచి బొటనవేలంత పిట్టల గుంపొకటి బుర్రున లేచి, గాలిలో ఓ చుట్టు చుట్టి, మళ్లీ అక్కడే వాలింది. మట్టిరంగు పిట్టలు. వాలిన పిట్టల్లో ఒకటి కంకిని కాలితో వంచి పట్టుకుంది. దాని మెడలో సన్నటి నల్లపట్టీ.

శోభనాద్రి గారు సీటు కొసకు జరిగారు.

"ఏం పిట్టలు సార్ అవి?" అధికారి మెడ బయటికి చాచాడు. "ఆపమంటారా?"

జన్మలో ఏనాడూ ఒకదాన్ని ఇంకో దాని పేరుతో పిలవని శోభనాద్రి గారు గొంతు సవరించుకున్నారు.

"ఊరపిచికలు" అన్నారు.

అధికారికి పూర్తిగా నమ్మకం కలగలేదు. రెండో నిపుణుడి వైపు తిరిగాడు. శోభనాద్రి గారు ఏదన్నా కాదని తీరే కోదండరామయ్య గారు కళ్లజోడు తీసి, కండువాతో తుడిచి, పెట్టుకుని, కాలవ వంక చాలాసేపు చూశారు.

"పిచికలేనండీ" అన్నారు. "అందులో సందేహం లేదు. పోనివ్వండి."

జీపు ముందుకు సాగింది.